కొలను కచేరీలో కునుకు ఉత్తర్వు

ఒక పెద్ద అడవిలో కొలను కచేరీ ఒకటి ఉండేది. కంప్యూటరును లోలోపల నడిపించే కెర్నెల్‌లోనూ అటువంటి కచేరీయే ఉంటుందనీ, చిన్న కునుకుల విషయంలో అక్కడా ఇవే తిప్పలనీ చదువుకున్నవారు అంటారు. ఈ కథ దాని జోలికి పోదు. ఎలుగుబంటికి కచేరీ పెద్దరికం ఎలా దక్కిందన్న జోలికి అసలే పోదు.

వేసవిలో అడవి అంతటికీ ఆ కొలనే దిక్కు. ఒక జంతువు దిగి తాగితే అడుగున ఉన్న బురద లేస్తుంది. అది అణిగేదాకా మరొకటి దిగరాదు. అందుకని ఒక వెదురుముక్క ఏర్పాటు చేశారు. అది అందినవారే దిగాలి. తాగి వచ్చాక కొంగ ధవళయ్యకు అప్పగించాలి. ధవళయ్య దానిని ముక్కున కరచుకొని, ఒంటికాలిమీద నిలిచి, రెప్ప వేయకుండా నీటినే చూసేవాడు. నీరు తేటపడిన మరుక్షణం వెదురు తరువాతివారికి అందేది.

ఒకనాడు ఎలుగుబంటి తనిఖీకి వచ్చింది.

"ఏమయ్యా ధవళయ్యా, ఏం చేస్తున్నావు?"

ధవళయ్య వెదురును కాలికింద పెట్టి, "ఎదురుచూస్తున్నానండి" అన్నాడు.

"ఊరికే నిలబడి చూడడానికా నీకు రోజూ చేపలు ఇస్తున్నది? ఆ కాస్తసేపూ కునుకు తీయరాదూ?"

"లేపేదెవరండి?"

"వడ్రంగిపిట్ట లేదూ? అడవంతా తిరిగి అందరినీ లేపడమే కదా దాని ఉద్యోగం!"

"అది ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతుందండి. నేను రెప్పపాటు పడుకున్నా లేచేది పిట్ట వచ్చినప్పుడే. పైగా వెదురు నా దగ్గర ఉండగా నిద్రపోతే..."

"పైగా, పైగా! సంస్కరణ అనేసరికి మీ ముసలివాళ్ళకు అన్నీ పైగాలే! తప్పుకో. ఎలా నిద్రపోవాలో నేనే చూపిస్తాను."

మర్నాడు ఉత్తర్వు వెలువడింది: కచేరీవారి కునుకును వడ్రంగిపిట్ట తప్ప మరెవరూ భంగపరచరాదు. ధవళయ్య వరుసలోకి పోయి నిలబడ్డాడు. అడవిదున్న తాగి వచ్చి వెదురు అప్పగించగానే ఎలుగుబంటి దానిని పొట్టకింద దాచుకొని, "ఒక్క రెప్పపాటు" అంటూ ఒరిగింది.

నీరు తేటపడింది. అద్దంలా మెరిసింది. గురక మాత్రం ఆగలేదు.

వరుస మొదట లేడి ఉంది. దాని పిల్ల నాలుక పిడచకట్టుకుపోయి కూలబడింది.

"నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా తాతా, దిగమంటావా?" అని తల్లి లేడి ధవళయ్యను అడిగింది.

"వెదురు లేనిదే ఎలా దిగుతావమ్మా?" అని వెనుక నిలబడ్డ నక్క అడ్డుపడింది. "దాహం దాహమే, రూలు రూలే."

"పిట్ట ఏదీ?" అన్నాడు ధవళయ్య.

"ఇక్కడే ఉన్నానండి!" వరుస చివరినుంచి వడ్రంగిపిట్ట పలికింది. "గొంతు తడిస్తేనే చుట్టు మొదలుపెట్టేది."

"వచ్చి దొరవారిని లేపరాదూ?"

"నా చుట్టులో కొలను ఆఖరిదండి. ముందే లేపితే క్రమం తప్పదూ? పైపెచ్చు ఇక్కడ నా చోటు పోతుంది."

నీళ్ళు ఇవ్వవలసిన ఎలుగు, పిట్ట లేపుతుందని నిద్రపోతోంది. లేపవలసిన పిట్ట, నీళ్ళ కోసం నిలబడి ఉంది. ఎవరూ ఏ నిబంధననూ అతిక్రమించలేదు.

లేడిపిల్ల తల వాల్చేసింది. ధవళయ్య వరుస వదిలి, గబగబా అంగలు వేసి, ఎలుగుబంటి ముక్కుమీద ఒక్క పోటు పొడిచాడు.

"తేటపడిందా?" అంటూ ఎలుగుబంటి ఉలిక్కిపడి లేచింది.

"ఎప్పుడో."

వెదురు లేడికి అందింది. పిల్ల తాగింది, కాసేపటికి లేచి నిలబడింది కూడా. గురకపెట్టి గొంతెండిన ఎలుగుబంటి వరుస చివర, పిట్ట వెనుక నిలబడవలసి వచ్చింది. "ఇంకెంతసేపయ్యా?" అని అక్కడినుంచి మాటిమాటికీ అరిచింది. మళ్ళీ కాపలాకు నిలిచిన ధవళయ్య నీటిమీదినుంచి చూపు తిప్పలేదు.

కొద్దిరోజులకు అతనికి కచేరీనుంచి లేఖ వచ్చింది: "మా హయాములో కొలను నీరు మునుపెన్నడూ లేనంతసేపు తేటగా నిలిచినది. అట్టి సమయమున అధికారి నిద్రను భంగపరచినందుకు సంజాయిషీ ఇవ్వవలెను."

ధవళయ్య దానికి జవాబు రాయలేదు. అప్పటికి బురద ఇంకా అణగలేదు.

నీతి: నిద్రపోతున్నవాడికి సంజాయిషీ లేఖ అందించలేము గనుక, తప్పు ఎప్పుడూ మేలుకున్నవాడిదే.