గోడెక్కిన ప్రపంచ చరిత్ర

నవ్వేవాళ్లు నవ్వండి గానీ, ఆ స్టూలు మీద మాత్రం కూర్చోకండి. దాని కాళ్లు చెమ్మకు నానిపోయాయి. ముందు గదిలో వాలుకుర్చీ వేసుకుని మీకు కబుర్లు చెప్పిన నేను, ఈ వెనక గదిలో ఇలా ముడుచుకుని ఎందుకున్నానో చెబుతాను వినండి.

నేను బడిలో బంట్రోతుగా పనిచేశానని మీకు తెలుసు. చరిత్ర పంతులుగారి పాఠానికి ముందు ప్రపంచ చరిత్ర పటాన్ని మోసుకెళ్లి మేకుకు తగిలించడం నా పని. పాఠం అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడేవాణ్ని. సగం వినేవాణ్ని, మిగతా సగం నేనే కల్పించుకునేవాణ్ని. పిరమిడ్డు మీంచి రాయి జారితే మా ముత్తాత భుజం అడ్డుపెట్టి ఆపాడని చెబితే, పంతులుగారి చుట్టూ కంటే నా చుట్టూనే ఎక్కువమంది పిల్లలు మూగేవారు.

రిటైరైతే అందరికీ గోడ గడియారం ఇస్తారు. నాకు ఆ పాత పటమే చుట్టి చేతిలో పెట్టారు. వెనక గుడ్డ అతికించిన నిలువెత్తు పటం. అడుగున అన్నిటికంటే పాత రాజ్యాలు సుమేరు, ఈజిప్టు. వాటిపైన గ్రీసు, రోము. ఆ పైన రాజులూ, ఓడలూ, విప్లవాలూ. చిట్టచివర ఇవాళ్టి దేశాల జెండాలు.

ఈ గదిలో గోడ అడుగున చెమ్మ పట్టింది. మా ఆవిడ మంచం ఆ గోడ పక్కనే. నా గురక పడలేక ఇక్కడికి వలస వచ్చింది లెండి. చలి మొదలైనప్పటి నుంచీ ఒకటే దగ్గు.

"ఏమండీ, మేస్త్రీని పిలిపించండి. గోడ నీరు కారుతోంది."

"దానికేం కష్టాలున్నాయో, ఏడవనీవే."

"ఇక్కడ నేను దగ్గలేక చస్తున్నాను!"

మేస్త్రీ వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఈ గది సామానంతా ముందు గదికి చేరుతుంది. నా వాలుకుర్చీ, మీరు, మన సాయంత్రాలు, అన్నీ వీధిన పడతాయి. అందుకని ఆవిడ కొట్టుకు వెళ్లొచ్చేలోగా పటాన్ని సరిగ్గా ఆ మరక మీద తగిలించేశాను.

"ఇప్పుడేదీ చెమ్మ?" అన్నాను.

"పటం వెనకాల ఉంది."

"కనబడనిది చరిత్రలో లేనట్టే."

కొన్నాళ్లకే పటం అడుగు నల్లబడింది.

"ఏమండీ, సుమేరు తడిసింది."

"తడవదూ మరి? రెండు నదుల మధ్య ఉంది."

ఆ తర్వాత ఈజిప్టు ఉబ్బింది. నైలుకు వరదొచ్చిందన్నాను. గ్రీసు మీద బూజు పట్టింది. తత్వవేత్తల గడ్డాలన్నాను.

"రోము ఊడి పడిందండీ!"

"ఎప్పుడో పడిందే. నీకు కబురు ఆలస్యంగా అందింది."

ఆవిడ దగ్గినప్పుడల్లా ముందు గదిలోంచి, "చెమ్మ ఏ శతాబ్దం దాకా వచ్చిందే?" అని కేకేసేవాణ్ని. మీరు నవ్వేవారు. మన దర్జీ అయితే నవ్వీ నవ్వీ కళ్లజోడు కింద పడేసుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఒకనాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "ఏమండీ, ఆ సుమేరు వాళ్లు ఊళ్లోకి నీళ్లొస్తే ఏం చేసేవాళ్లు?"

పాఠం అడిగితే నేను ఆగుతానా? "ఏం చేస్తారే! మూటా ముల్లే సర్దుకుని మెరక వెతుక్కునేవాళ్లు. అక్కడెవడైనా కూర్చునుంటే వాణ్ని పల్లానికి తోసేసేవాళ్లు. పైనున్న జెండాల దాకా జరిగిన కథంతా ఇదే."

"అంతేనా?"

"అంతే. ఆపడానికి మనమెవరం?"

మర్నాడు క్షవరం చేయించుకుని వచ్చేసరికి, ముందు గదిలో నా వాలుకుర్చీ ఉండాల్సిన చోట ఆవిడ మంచం. దాని చుట్టూ ట్రంకుపెట్టె, కుట్టుమిషను, బిందెలు కోటగోడలా నిలబడ్డాయి. వెనక గదిలో మేస్త్రీ గోడ పూత గీకుతున్నాడు.

"ఈ పటం పెట్టిన మహానుభావుడెవరండీ?" అన్నాడు. "గాలి తగిలితే చెమ్మ కొంతైనా ఆరేది. మూసి కూర్చుంటే ఎటు పోతుంది? పైకెక్కింది."

"మళ్లీ పూత ఎప్పుడు వేస్తావయ్యా?"

"గోడ పూర్తిగా ఆరాక. ఎండలు రావాలి."

ఆవిడవైపు తిరిగాను. "మరి నేనెక్కడ పడుకోవాలే?"

"పల్లంలో," అంది.

అలా వచ్చి పడ్డాను ఇక్కడ. నా పటంలో జెండాలు తప్ప ఏమీ మిగల్లేదు. కింద ఏ ఆధారమూ లేకుండా గాలిలో వేలాడుతున్నాయి.

గోడ ఆరుతోంది. ఆవిడ మంచం మారింది గానీ దగ్గు మారలేదు. అదిగో, వింటున్నారా? ఇప్పుడు నేను శతాబ్దాలు అడగడం లేదు. ఆగిందా లేదా అని చెవి ఒగ్గి కూర్చుంటున్నాను.

డాక్టరు దగ్గరికి పోదాం పదవే అంటే ఆవిడ ఏమందో తెలుసా? "సాయంత్రం మీ స్నేహితులొస్తారుగా. వాళ్లని వదిలేసి ఎలా వస్తారు?"

అందుకని, ఏమీ అనుకోకుండా లేవండి. వెనక గుమ్మం నుంచి వద్దు, ముందు గదిలోంచే వెళ్లండి. మీరు వెళ్లిపోతున్నట్టు ఆవిడకు కనబడాలి.