మూడో నంబరు, ఏడో నంబరు

ఆ ఉదయం ప్రొఫెసరమ్మ పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగుతూ, ఓపెన్ యాక్సెస్ పత్రికలో వెలువడిన తన వ్యాసాన్ని కళ్ళారా చూసుకోవడం, ఆ తర్వాత క్లాసుకు వెళ్ళడం. ఇంతకాలం ఆమె వ్యాసాలు చందా కట్టినవాళ్ళకే తలుపు తీసే పత్రికల్లో పడేవి. వాటిని చదివినవాళ్ళు ఇద్దరో ముగ్గురో; అందులో ఒకరు అచ్చుతప్పులు దిద్దినాయన. ఈసారి ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు, ఎవరినీ అడక్కుండా అచ్చు వేసుకోవచ్చు. జ్ఞానం అందరిదీ అని ఆమె మనసారా నమ్మింది. ఆ అందరిలో తమ అపార్ట్‌మెంటు వాళ్ళు కూడా ఉంటారని మాత్రం ఆమెకు తట్టలేదు.

వ్యాసం వాళ్ళ గురించే. ఒక భవనంలో పుట్టిన కబురు ఎవరి నోట పడి ఎటు పోతుందన్నది విషయం. ఇల్లిల్లూ తిరిగి అడిగింది. పేర్లు చెప్పనని సంతకం చేసి మరీ మాటిచ్చి, పేర్ల బదులు అంకెలు వేసింది.

"నీ వ్యాసం మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను," అన్నాడు భర్త.

"ఎందుకు పెట్టారు?"

"ఊరికే వస్తోంది కదా. పైగా ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు."

ఆమె మెట్లు దిగేసరికి, అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు ఎదురుపడ్డాడు. బ్యాంకులో మేనేజరుగా రిటైరైన మనిషి.

"మూడో నంబరు నేనే కదమ్మా? 'విన్న మాటను కడుపులో దాచుకునే వ్యక్తి' అని రాశావు."

ఆమె కాదనబోయి ఆగింది. ఒకరిని కాదంటే మిగిలినవాళ్ళలో వెతుకుతారు. "చెప్పకూడదండీ," అంది. ఆయన దాన్ని అవునన్నట్టే తీసుకుని, మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి భవనంలో సగం మంది మూడో నంబరు తామేనన్నారు. ఏడో నంబరుకు మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. వ్యాసం ప్రకారం సగానికి పైగా కబుర్లు పాకింది ఆ ఏడో వ్యక్తి ద్వారానే. 'ఈ వ్యక్తి ఇంటికి రోజంతా జనం వస్తూ పోతూ ఉంటారు' అని కూడా అందులో ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే తన భుజాలు తడుముకోవడం పాత పద్ధతి. ఇక్కడ అందరూ ఎదుటివాళ్ళ భుజాలు తడిమారు. రోజంతా జనం వచ్చేది కింది అంతస్తులో ఉండే టైలరక్క ఇంటికి. ఇంకేం, తేలిపోయింది.

సాయంత్రం ప్రొఫెసరమ్మ వెళ్ళేసరికి టైలరక్క కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. పక్కన గుడ్డల అర ఖాళీగా ఉంది.

"కుట్టడానికిచ్చినవన్నీ పట్టుకెళ్ళిపోయారు. కొలతలతో పాటు కబుర్లు కూడా తీసుకుంటానట," అంది టైలరక్క.

"అక్కా, నువ్వు కాదని చెప్పాలనే ఉంది. కానీ..."

"మాటిచ్చావుగా. చెప్పకు."

ఆ మాట విన్నాక ప్రొఫెసరమ్మకు ఏడుపొచ్చినంత పనయింది. సర్వే మొదలుపెట్టినప్పుడు అందరూ మొహం చాటేస్తే, ముందుగా కుర్చీ వేసి కూర్చోబెట్టింది టైలరక్కే.

మర్నాడు కార్లు నిలిపే చోట మీటింగు పెట్టారు. టైలరక్క ఇంట్లో వ్యాపారం మానుకోవాలని ప్రెసిడెంటు తీర్మానం చదవబోయాడు. ప్రొఫెసరమ్మ లేచింది.

"నేను మాటిచ్చింది మీ పేర్లు చెప్పనని. నా పేరు చెప్పనని కాదు. ఏడో నంబరు నేనే."

అందరూ ఆమె వంక చూశారు.

"మా ఇంటికీ రోజంతా స్టూడెంట్లు వస్తూనే ఉంటారు. ఒక ఇంట్లో విన్నది నిజమో కాదో తెలుసుకోవాలని పక్కింట్లో అడిగేదాన్ని. అలా అడగడంతోనే అది పాకేది. తీరా లెక్క తీస్తే, అందరికంటే ఎక్కువ మోసింది నేను. దాచడం తప్పనిపించి నాకూ ఒక అంకె వేసుకున్నాను."

ప్రెసిడెంటు తీర్మానం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మరి మూడో నంబరు?" అన్నాడు.

"అది చెప్పకూడదండీ."

జనం వెళ్ళిపోయాక ఇద్దరూ కుర్చీలు సర్దారు.

"నాకు ముందే తెలుసు," అంది టైలరక్క. "నా చూపు తగ్గుతోందని నీ ఒక్కదానికే చెప్పాను. రెండ్రోజుల్లో పక్కింటావిడ కళ్ళ డాక్టరు నంబరు పట్టుకొచ్చింది."

"క్షమించక్కా," అంది ప్రొఫెసరమ్మ. "మరి నిన్న అందరూ నిన్నే అంటుంటే, అది నేనని ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అదీ ఒక కబురేగా," అంటూ టైలరక్క ఆఖరి కుర్చీ గోడకు చేర్చింది.

మూడో నంబరు ఎవరో ప్రొఫెసరమ్మకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినా, ఈసారి మింగేసింది.

మర్నాటికల్లా గుడ్డలన్నీ తిరిగొచ్చాయి. మూడో నంబరు గురించిన వాక్యాన్ని మాత్రం ప్రెసిడెంటు పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, కింద తన ఫొటోతో లిఫ్టులో అతికించాడు. వ్యాసం ఓపెన్ యాక్సెస్‌ది కనుక, ఆయనకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.