తొట్టి మెట్ల దాకా వచ్చినవారు

మా బాప్టిస్టు చర్చి నూట ఇరవై ఏళ్ల చరిత్రను ప్రభుత్వమే అచ్చు వేయిస్తుందని మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. చరిత్రను కాపాడటంలో తమ కుటుంబానికి తరతరాల అనుభవం ఉందన్నారు. అంతకు వారం ముందే ఆయన శాఖవాళ్లు రోడ్డు వెడల్పు కోసమని మా చర్చి గోడ మీద ఎర్రగీత గీసి వెళ్లారు. ఆ గీత ప్రకారం మా ప్రసంగ వేదిక రోడ్డు మధ్యకు వస్తుంది. పుస్తకం బాగా కుదిరితే ఇది చారిత్రక కట్టడమని సంతకం పెట్టి, గీత చెరిపించేస్తానని మంత్రిగారు మాటిచ్చారు. ఇంతటి దూరదృష్టిని నేనెక్కడా చూడలేదు.

సంఘం మినిట్స్ రాసేది నేనే కాబట్టి ఆయన పీఏ నేరుగా నా దగ్గరికొచ్చాడు. పుస్తకంలో మొదటి బాప్తిస్మం మంత్రిగారి తాతగారిదై ఉండాలట. మా దగ్గర బాప్తిస్మమంటే వేదిక కింది నీళ్ల తొట్టిలోకి దిగి నిలువునా మునగడం. అంతకుమించి ఒత్తిడేమీ లేదట. పాత పుస్తకాలు తీశాం. మొదటి పేరు బట్టలుతికే ఒకావిడది. ఇప్పుడు చర్చి తుడిచే, మేమంతా అత్త అని పిలిచే ఆమెకు ఆవిడ అమ్మమ్మ. తాతగారు మినిట్స్‌లో దొరికారు: "తొట్టి మెట్ల దాకా వచ్చి, నీళ్లు చల్లగా ఉన్నవని, వచ్చే ఆదివారం వచ్చెదనని వెళ్లినారు. పెండింగు."

తేలని విషయాన్ని కొట్టేయడం మా సంఘంలో లేదు. వచ్చే నెల మీటింగుకి జరుపుతాం. అలా తొంభై ఆరేళ్లుగా ప్రతి నెలా ఎవరో ఒకరు ఆ వాక్యం తిరగరాస్తూనే ఉన్నారు. పదకొండేళ్లుగా నేనూ రాస్తున్నాను. ఆయన ఎవరి తాతో ఇప్పుడే తెలిసింది.

"ఒక్క లైనే కదండీ, తీసేయండి" అన్నాడు పీఏ.

తీయాలంటే సంఘం చేతులెత్తి ఓటేయాలి. ఫ్యాను కొనాలన్నా చేతులెత్తే మనుషులం. పాస్టర్‌గారు మీటింగు పెట్టి, లైను తీస్తే గోడ నిలుస్తుందని, తీయకపోతే కూలుతుందని దాచకుండా చెప్పారు. తీసేయమని లేచిన చేతులు రెండే. అందులో ఒకటి నాది. నా పెళ్లి జరిగింది ఆ వేదిక ముందే మరి. సిగ్గుపడుతూనే ఆ సంగతీ మినిట్స్‌లో రాశాను.

పీఏ ఓటమి ఒప్పుకునే రకం కాదు. తాతగారి బదులు మంత్రిగారు మునిగితే చెల్లుతుందా అని అడిగాడు.

"ఎవరి మునక వాళ్లదే" అన్నారు పాస్టర్‌గారు.

అయితే మంత్రిగారు తన మునకే మునుగుతారని, ఆ తడి చేత్తోనే ఫైలు మీద సంతకం పెడతారని తేల్చాడు. ఆయనకు విశ్వాసం ఉందా అని పాస్టర్‌గారు అడిగితే, దాని మీద నోట్ పంపిస్తామన్నాడు.

ఆదివారం వేదిక పలకలు తీశాం. కింద తొట్టిని అత్త పొద్దున్నే నింపింది. శాఖ ఇంజనీరు హీటరు పెట్టించాడు. ముగ్గురు అధికారులు మోచేతుల దాకా ముంచి చూసి, నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయని రాసిచ్చారు. మంత్రిగారు తెల్లబట్టల్లో ఒక మెట్టు దిగి బొటనవేలు ముంచారు. కెమెరాలు మెరిశాయి. వేలు పైకి తీశారు.

"చల్లగా ఉన్నాయే" అన్నారు.

"మా అమ్మమ్మ మునిగినప్పుడు హీటరు కూడా లేదు బాబూ" అంది అత్త.

మంత్రిగారు ఆమెను ఆప్యాయంగా పలకరించి, వచ్చే ఆదివారం తప్పక వస్తానన్నారు. ఫైలు కూడా వచ్చే ఆదివారమేనన్నారు.

నేను పుస్తకం తెరిచి, పాత వాక్యం కింద మనవడి పేరు చేర్చాను. సంఘమంతా చేతులెత్తి ఆమోదించింది. ఈసారి ముందు లేచిన చెయ్యి నాదే.

గోడ కూల్చే యంత్రం మంగళవారమే వచ్చింది.