అత్త ముఖాలు రెండు వందల పద్నాలుగు

పనికి మనిషి వెళ్ళడం పాతకాలపు మోటు అలవాటు. ముఖాన్ని పంపితే చాలు.

నవ్వకండి. ఈ మాట నేను బాగా ఆలోచించి, సాక్ష్యంతో సహా చెబుతున్నాను. సాక్ష్యం మా అత్త, అంటే మా నాన్నకు చెల్లెలు. మీలో సగం మందికి ఆమె తెలుసు. రోజూ సాయంత్రం ఏడున్నరకు మీ ముందుగదిలోకి వచ్చి, పదకొండేళ్ళుగా ఒకే కుటుంబాన్ని సర్వనాశనం చేస్తూ, ఇంకా ఆ పని పూర్తిచేయలేకపోతున్న పెద్ద కోడలు ఆమే.

సీరియల్లో మనుషులు మాట్లాడుకునేది తక్కువ, చూసుకునేది ఎక్కువ. "ఉత్తరం వచ్చింది" అని ఒకరంటారు. వెంటనే ఇంట్లో ఉన్న తొమ్మిది మంది ముఖాలూ వరసగా వస్తాయి. ఒక్కో ముఖం మూడేసి సార్లు. వెనక ఎవరో ఇత్తడి బిందెను మేడ మీంచి పడేసిన శబ్దం. సోమవారం వచ్చిన ఉత్తరాన్ని ఎవరు రాశారో తెలిసేసరికి గురువారం అవుతుంది.

దీన్ని చూసి విసుక్కునేవాళ్ళు మాటకారులై ఉంటారు. నాలాంటివాళ్ళకు అది స్వర్గం. ఎవరేం అడిగినా జవాబు చెప్పక్కర్లేదు! కళ్ళు పెద్దవి చేసి నిలబడితే మిగతాది సంగీతం చూసుకుంటుంది. లెక్కల మాస్టారు నన్ను లేపి ప్రశ్న అడిగినప్పుడు నేను చేసేదీ అదే. కాకపోతే మా క్లాసులో సంగీతం లేదు. అందుకని పీరియడ్ అయ్యేదాకా నిలబడాల్సి వస్తోంది.

ఈ ముఖాలను ఏ రోజువి ఆ రోజు తీస్తారని నేను అమాయకంగా అనుకునేదాన్ని. పోయిన సెలవుల్లో అత్త నన్ను షూటింగుకు తీసుకెళ్ళింది. టీవీలో అంత పెద్దగా కనిపించే ఇంటికి మూడే గోడలు. నాలుగో గోడ ఉండాల్సిన చోట లైట్లు, వైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు. కొత్త కోడలు ఏడుస్తూ పరిగెత్తే మేడమెట్లు ఏడో మెట్టు దగ్గర అయిపోతాయి. ఆ తర్వాత ఆమె అక్కడే కూర్చుని టీ తాగుతుంది.

అత్త సోఫా పక్కన నిలబడింది. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేవకుండా, కొట్లో సరుకుల చీటీ చదివినట్టు చదవడం మొదలుపెట్టారు.

"షాక్ ఇవ్వండి మేడమ్. బావుంది. ఎడమవైపు తిరిగి ఇంకో షాక్. ఇప్పుడు కోపం. అనుమానం, ఒక్క కనుబొమ్మ చాలు. కళ్ళలో నీళ్ళు... రాలకూడదు, రాలకూడదు... ఆ, ఇప్పుడు వదిలేయండి."

ఎదురుగా మనిషెవరూ లేరు. లైటు స్టాండుకు ఒక టేపు ముక్క అంటించి ఉంది. అత్త ఆ టేపు ముక్కను చూసి నిర్ఘాంతపోయింది, దాన్ని అసహ్యించుకుంది, దానిమీద పగబట్టింది. అసిస్టెంటు ఒక్కో ముఖానికీ ఒక నంబరు వేశాడు. ఎనిమిది జతల బట్టలు మార్చి, భోజనాల వేళకు అత్త రెండు వందల పద్నాలుగు ముఖాలు పూర్తిచేసింది.

"ఇన్నెందుకత్తా?" అని మేకప్ గదిలో అడిగాను.

"సెలవు కోసం, కోడలు పిల్లా. నాయనమ్మకు కంటి ఆపరేషన్ కదా, పదిహేను రోజులు కావాలన్నాను. స్టాకు ఇచ్చేసి వెళ్ళమన్నారు."

అత్త మా ఇంటికి చివరిసారి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. ఎంత ఉదారమైన సంస్థో చూడండి! మామూలు ఆఫీసుల్లో సెలవు కావాలంటే లేని జ్వరం తెచ్చుకోవాలి, బతికున్న తాతను చంపాలి. ఇక్కడ ఆ పాపం లేదు. ముఖం అక్కడ పెట్టి మనిషి ఇంటికి పోవచ్చు.

ఈ పద్ధతిని అన్ని వృత్తులకూ వర్తింపజేయాలని నా మనవి. మా హెడ్మాస్టారికి రెండు ముఖాలు సరిపోతాయి: అధికారి వచ్చినప్పటిది, వెళ్ళిపోయిన తర్వాతిది. డాక్టరుగారికి "ఎందుకైనా మంచిది, టెస్టులు చేయిద్దాం" అనే ముఖం ఒక్కటుంటే ఆసుపత్రి నడుస్తుంది. పక్కింటావిడ "నేనెవరికైనా చెబుతానా" అనే ముఖాన్ని రోజుకు నలభైసార్లు వాడుతుంది, పాపం అరిగిపోతోంది. ఆఫీసు గుమాస్తాలు ఈ పద్ధతిని ఏనాడో కనిపెట్టారని నా అనుమానం. "రేపు రండి" అనే ముఖాన్ని ముప్పై ఏళ్ళ కిందట కిటికీలో బిగించి వెళ్ళిపోయారు. జనం ఇంకా దానితోనే మాట్లాడుతున్నారు.

ఇక నా సంగతి. చుట్టాలొచ్చి "ఎంత పొడుగైపోయావే" అన్నప్పుడు గుమ్మంలోకి పంపడానికి ఒక వినయపు ముఖం ఉంటే, నేను పెరట్లో హాయిగా చదువుకునేదాన్ని కాదూ?

సరే, అత్త వచ్చింది. ఆపరేషన్ అయింది. నాయనమ్మ కంటికి కట్టు కట్టారు, వారం దాకా టీవీ చూడొద్దన్నారు. అత్త రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేసేది. ఏడున్నర కాగానే నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుని, చెవులు మాత్రం టీవీకి అప్పగించేది.

"ఏమవుతోందే?" అంది మొదటిరోజు.

"నేను ఆస్తి కాగితాలు కాల్చేశానమ్మా," అంది అత్త, టీవీ వైపే చూస్తూ.

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఎందుకూ?"

"నాకేం తెలుసు. నేనిక్కడున్నాను కదా."

అత్త ముఖాలు చక్కగా పనిచేస్తున్నాయి. గొంతు ఎలాగూ మొదటినుంచీ డబ్బింగ్ చెప్పే ఇంకొకావిడది. చేతులు, వీపు కనిపించాల్సిన చోట అవే బట్టలు కట్టుకుని మరొకావిడ వెనక్కి తిరిగి నిలబడుతోంది.

"వెనకనుంచి ఎవరది? కాస్త లావుగా ఉంది," అంది అమ్మ.

"నేనే వదినా."

"అంత లావెప్పుడయ్యావు?"

"సెలవు పెట్టాక."

పదిహేనోరోజు ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేశాడు. అత్త చేతిలో చుక్కల సీసా ఉంది. "ఎత్తి స్పీకర్లో పెట్టు" అని నాకు సైగ చేసింది. ఫోనంటే నాకు భయం, అయినా ఎత్తాను.

"మేడమ్, అమ్మగారికెలా ఉంది? మీరేం తొందరపడకండి. నిదానంగా రండి. మీ లుక్స్ బ్రహ్మాండంగా వెళ్తున్నాయి. అసలు మీరున్నప్పటికంటే రేటింగు కాస్త పెరిగింది కూడా."

"అయితే సోమవారం..."

"సోమవారం వద్దు మేడమ్. అవసరమైతే మేమే పిలుస్తాం."

ఆ రెండు వందల పద్నాలుగు ముఖాలూ తీస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఫోన్ పెట్టేశాక అత్త ముఖంలో కనిపించింది వాటిలో ఏ నంబరో నాకు తెలియలేదు.

పద్ధతి తాలూకు లాభాలు మాత్రం నాకు కొనసాగాయి. అత్త నాకు జడ వేసేది. నా పుస్తకాలకు అట్టలు వేసింది. నేను మాట్లాడుతుంటే, మధ్యలో ఆపకుండా వినేది. ఒకరోజు పదకొండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. "ఇదెవరు మాట్లాడుతున్నారు?" అని నాన్న వరండాలోంచి వచ్చి చూసి వెళ్ళాడు. ఇంతటి మేలు చేసిన సీరియల్ వాళ్ళకు నేను రోజూ మనసులో దండం పెట్టుకున్నాను.

కానీ అత్త సర్దుకున్న బ్యాగు విప్పలేదు. అది తలుపు పక్కనే ఉండేది. ఎవరి ఫోన్ మోగినా అత్త లేచి నిలబడేది, నాన్నదైనా సరే.

"నాకు ఇంకో పని రాదు, కోడలు పిల్లా," అంది ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ. "పదకొండేళ్ళుగా టేపు ముక్కను చూడడమే వచ్చు. ఇప్పుడు దానికీ నేను అక్కర్లేదంటే ఏం చేయను?"

నేను కళ్ళు పెద్దవి చేసి నిలబడ్డాను. సంగీతం రాలేదు.

ఇరవయ్యారో రోజు మేనేజరు మళ్ళీ చేశాడు. ఈసారి గొంతులో కంగారు. సీరియల్లో అత్తగారు ఎనిమిది నెలల తర్వాత కోమాలోంచి లేస్తోందట. ఇంటిల్లిపాదీ సంతోషించాలి. పెద్ద కోడలు కూడా మారిపోయి నవ్వాలి. స్టాకంతా గాలించారు. కోపాలు అరవై, షాకులు డెబ్బై రెండు. నవ్వు ఒక్కటీ లేదు.

"పదకొండేళ్ళలో మీచేత ఒక్క నవ్వు తీయించలేదండి, ఎలా మర్చిపోయామో," అన్నాడు. "మీరు రానక్కర్లేదు. వెనక తెల్లగోడ ఉండేలా చూసుకుని ఫోన్లో తీసి పంపేయండి. చిన్న నవ్వు, పెద్ద నవ్వు, కన్నీళ్ళతో నవ్వు. ఇవొచ్చేస్తే మన స్టాకు పూర్తయిపోతుంది. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టం."

"నేనొచ్చి చేస్తానండి."

"ఎందుకండీ శ్రమ. ఇవాళ సాయంత్రంలోగా రాకపోతే మాత్రం పాత్రకి ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుంది. మళ్ళీ చేస్తాను."

పంపితే ఇక ఎప్పటికీ పిలవరు. పంపకపోతే ఇవాళే తీసేస్తారు. అత్త కాసేపు కూర్చుని, లేచి ముఖం కడుక్కుంది. "పద," అంది. "మీ వంటింటి గోడ తెల్లగా ఉంది."

వంటింట్లో నేను అత్త ఫోన్ పట్టుకున్నాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. కట్టు విప్పిన కంటికి నల్లద్దాలు పెట్టుకుని నాయనమ్మ స్టూలు మీద కూర్చుంది. అత్త గోడకు ఆనుకుని నవ్వింది.

"వదినా, ఏమీ అనుకోకు," అంది అమ్మ. "ఈ నవ్వు చూస్తే ఆ పాలగిన్నెలో ఏం కలిపావోనని భయంగా ఉంది."

అత్త ఇంకోటి నవ్వింది.

"పన్ను నొప్పా?" అంది నాయనమ్మ.

"అమ్మా, నువ్వు మాట్లాడకు. నాకు రావట్లేదు."

"రాకేం. చిన్నప్పుడు మీ అన్నయ్య జారిపడితే, వాడి మోకాలు కూడా చూడకుండా గంటసేపు నవ్వావు."

సరిగ్గా అప్పుడే నాన్న వచ్చాడు. నలుగురం కదలకుండా ఉన్నాం. అత్త మూతి ఒకవైపుకు వంకరగా ఉండిపోయింది. నాన్న గుమ్మంలోనే ఆగిపోయి మొదట నాయనమ్మను చూశాడు. తర్వాత అమ్మను. తర్వాత నన్ను. మళ్ళీ మొదటినుంచి నాయనమ్మను. అమ్మకేం తోచిందో, గరిటెతో మూతమీద ఒక్కో ముఖానికి ఒక్కటి చొప్పున వాయించింది.

"ఎవరికేమైంది?" అన్నాడు నాన్న, పాలిపోయి.

అత్త నవ్వింది. గోడమీంచి జారి కింద కూర్చుని, కడుపు పట్టుకుని, ముక్కులోంచి శబ్దం వచ్చేలా నవ్వింది. ఆమె ముందుపళ్ళలో ఒకటి కాస్త పక్కకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. టీవీలో పదకొండేళ్ళుగా ఎవరికీ తెలియని పన్ను అది. "అన్నయ్యా, ఇంకోసారి చూడు, ఇంకోసారి," అంటూ మళ్ళీ నవ్వింది.

చాలాసేపటికి ఊపిరి తీసుకుని, "వచ్చిందా?" అని నన్ను అడిగింది.

"లేదత్తా. బటన్ నొక్కలేదు."

మర్చిపోయానని ఆమె అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను మర్చిపోలేదని ఇప్పుడే మొదటిసారి ఒప్పుకుంటున్నాను. ఇంత గొప్ప పద్ధతికి నేను చేసిన ద్రోహం అదొక్కటే.

ఈలోగా నా చేతిలోనే ఫోన్ మోగింది. అందరూ నావైపు చూశారు. ఎత్తాను.

"నవ్వు ఫోన్లో రావట్లేదండి," అన్నాను. "మనిషి వస్తే తీసుకోండి."

"ఎవరమ్మా మాట్లాడేది?"

"మేనకోడల్ని."

ఆయన ఎవరితోనో గుసగుసలాడాడు. "సరే. రేపు ఏడింటికల్లా మేకప్‌లో ఉండమను."

అత్త తలుపు పక్కనున్న బ్యాగు అందుకుంది. అందుకుని, నా తల పట్టుకుని గట్టిగా ఒక్క మొట్టికాయ వేసింది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు అక్కడి పరిస్థితి ఇది. ఒకేసారి వంద నవ్వులు ఇచ్చేయమని వాళ్ళు అడుగుతున్నారు. ఏ రోజు నవ్వు ఆ రోజే, వచ్చి నవ్వుతానని అత్త పట్టుబట్టి కూర్చుంది. పాత్ర మారిపోయింది కాబట్టి రోజూ నవ్వాల్సిందే, రోజూ పిలవాల్సిందే. ఆ విధంగా ఉద్యోగం నిలిచింది. మరి సెలవో? స్టాకు ఇవ్వనివాళ్ళకు సెలవు లేదట. ముఖం ఇచ్చేస్తే ఇంటికి రావచ్చు, తిరిగి వెళ్ళడానికి పని ఉండదు. ఇవ్వకపోతే పని ఉంటుంది, ఇల్లు ఉండదు. ఈ ఏర్పాటులో ఏ లోపమూ లేదని, కావాలంటే ఆ మేనేజరుగారినే అడగమని పాఠకులకు మనవి. ఆయన "అవును" అనే ముఖం పెడతారు. ఆయన దగ్గర స్టాకుంది.

నిన్న సాయంత్రం టీవీలో ఆ కోమా నవ్వు వచ్చింది. మూడు వైపులనుంచి మూడుసార్లు చూపించారు. పెదాలు మూసుకునే ఉన్నాయి.

నాయనమ్మ మంచం దిగి, టీవీకి జానెడు దూరంలో నిలబడి కొత్త కన్నుతో చూసింది.

"ఇది కాదే," అంది. "వంటింట్లో నవ్విందే, అది వెయ్యమను."

"అది వాళ్ళ దగ్గర లేదు నాయనమ్మా."

"అయితే దాన్నే రమ్మను," అంది నాయనమ్మ. "రేపు రమ్మను."