ఏడు కిలోల పెళ్లిపెద్ద

మా ఆవిడ డోరా ఏడు కిలోలకు ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాలి. రాలేదు. ముప్పై రెండేళ్లు రైల్వే పార్సిల్ ఆఫీసులో జనం శాల్తీలు తూచి, బరువు దాచిన మూటను చూపుతోనే పట్టేసిన జెరెమియాని నేను. ఇంట్లో మూటను మాత్రం పట్టుకోలేకపోయాను. వినండి, నవ్వేదేదో చివర్లో ఒకేసారి నవ్వండి.

సంగతేమిటంటే, డోరా వాళ్లక్క, మా వదిన ఆలిస్ పోర్ట్‌బ్లెయిర్‌లో టీచరు. మా తోడల్లుడు పోయి రెండేళ్లయింది. మొన్న మేలో వాళ్లమ్మాయి షెకీనా పెళ్లి పెట్టుకున్నారు. వదిన ఫోన్ చేసి, "మరిదిగారూ, వాళ్ల నాన్న లేరు. చర్చిలో దాని చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది మీరే" అంది.

మాకు పిల్లల్లేరు. ఆ పిల్ల సెలవులకొస్తే భుజాన ఎక్కించుకుని సికింద్రాబాద్ స్టేషన్లో పది ప్లాట్‌ఫారాలూ తిప్పినవాణ్ణి. ఆడపిల్లను పెళ్లికి నడిపించే యోగం నాకుందని కలలో కూడా అనుకోలేదు. ఆ నడక గొప్పగా నడవాలనుకున్నాను.

అయితే ముందు పోర్ట్‌బ్లెయిర్ చేరాలి. అక్కడికి రైలు పోదు, విమానమే గతి. డోరాతో ప్రయాణమంటే మీకు తెలుసుగా. నరసాపురం వెళ్లినా పద్నాలుగు శాల్తీలు. దారి పొడుగునా నేను కిటికీలోంచి పొలాల్ని చూడను, సీటు కింద బుట్టల్ని లెక్కపెట్టుకుంటాను.

సరిగ్గా అప్పుడే ఫోన్లో ఒక వీడియో చూశాను. ఎవరో సన్నపాటి కుర్రాడు ఒక్క సంచితో ఇరవై దేశాలు తిరిగొచ్చాడు. ఆ సంచిలో సగం ఖాళీయేనట. నాకు జ్ఞానోదయమైంది.

"డోరా, ఈసారి చెకిన్ లగేజీ లేదు. మనిషికో చేతి బ్యాగు, ఏడు కిలోలు. టికెట్లు కూడా అలాగే తీసేశాను."

"అలాగేనండీ."

"ఆవకాయ జాడీలు చేతి బ్యాగులో రానివ్వరు."

"అలాగేనండీ."

"సున్నుండలు కూడా వద్దు."

"పెళ్లివారింట్లో తిండికి కరువా ఏంటండీ? అలాగే."

ఇరవై తొమ్మిదేళ్ల సంసారంలో మా ఆవిడ వరసగా మూడుసార్లు "అలాగే" అన్నది అదే మొదటిసారి. నా మాటకు ఇంట్లో బరువు పెరిగిందనుకుని మురిసిపోయాను.

మర్నాడే బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి, ఉల్లిపాయల వ్యాపారి బాబూరావు దగ్గర కొక్కెం ఉన్న ఎలక్ట్రానిక్ కాంటా అరువడిగాను.

"ఏం జోకుతరు సార్ దీంతోని?" అన్నాడు.

"సూట్‌కేసు."

"సూట్‌కేసు సుత జోకుతరా? ఇగ మనుషుల్ని సుత జోకుతరేమో సార్, జెర పైలం" అన్నాడు నా పొట్ట వైపు చూస్తూ.

ఇంటికొచ్చి నా బ్యాగు తగిలించాను. మూడూ నాలుగొందలు. ఇంకా అందులో ఏమీ పెట్టలేదు! చక్రాలు, పిడి, లోపల అట్టలు కలిపి అది పుట్టుకతోనే బరువైన బ్యాగు. దాంతో నా తిప్పలు మొదలయ్యాయి. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశాను. తువ్వాలుని చేతిరుమాలు చేశాను. గడ్డం సబ్బు అరగదీయడానికి వారం రోజులు రోజుకి రెండుసార్లు గీసుకున్నాను. పొద్దునా సాయంత్రం రెండు చేతులూ పైకెత్తి కాంటా పట్టుకుని, అంకెల వైపు చూస్తూ ఊపిరి కూడా తీయకుండా నిలబడేవాణ్ణి.

డోరా బ్యాగు మొదటి రోజే అయిదూ రెండొందలు తూగింది. నాకు ఒళ్లు మండింది.

"మరి సూటు ఎలాగండీ?" అంది ఒక రోజు.

"ఒంటిమీద వేసుకుని విమానం ఎక్కుతాను. ఒంటిమీద ఉన్నదానికి తూకం లేదు."

"అది మీ తమ్ముడి పెళ్లికి కుట్టించింది. బొత్తాలు పడుతున్నాయా?"

"ఊపిరి బిగబడితే పడుతున్నాయి."

"చర్చిలో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఊపిరి తీయకుండా నడుస్తారా? కొత్తది కుట్టించుకోండి."

"అదో కిలోన్నర. పాతది ఒంటిమీదుంటే కొత్తది ఎక్కడ పెట్టను? నెత్తినా?"

"అలాగేనండీ" అంది. అది నాలుగోసారి.

ప్రయాణం రోజున మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, వాటి మీద సూటు తొడుక్కున్నాను. కోటు జేబుల్లో ఛార్జరు, షేవింగ్ సెట్టు, బైబిలు, లుంగీ. మే నెల ఎండ. చిలకలగూడ సందు మలుపు తిరగకుండానే కారులో నాకు చెమటలు ధారకట్టాయి.

"ఏం సార్, గింత ఎండల గిన్ని బట్టలేంది?" అన్నాడు డ్రైవరు.

"ఏసీ కాస్త పెంచు నాయనా."

"ఫుల్లే ఉన్నది సార్. ఇగ మీరే జెర తగ్గాలె."

డోరా కిటికీ వైపు తిరిగి దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

సెక్యూరిటీ దగ్గర నా జేబులకే నాలుగు ట్రేలు పట్టాయి. లుంగీ బయటికి వస్తూనే ఉంది, అయిపోదు. వెనక క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు. అయినా బ్యాగు తూకం దగ్గర అంకె చూడండి, ఆరూ తొమ్మిదొందలు! ఆ అమ్మాయి ట్యాగు కడుతుంటే పతకం వేస్తున్నట్టే తలవంచాను.

విమానంలో ఒక పెద్దావిడ తన సంచి పైన పెట్టలేక అవస్థ పడుతోంది. తూకం మనిషిని కదా, ఆగలేను. రెండు చేతులా ఎత్తాను. చర్రుమంది.

ముందు కోటు అనుకున్నాను. నిజమే, వీపు మధ్యలో కోటు. తర్వాత ప్యాంటు కూడా, నడుం నుంచి కిందికి. లోపల ఇంకో ప్యాంటు ఉండబట్టి పరువు దక్కింది గానీ సూటు దక్కలేదు.

సీట్లో కూలబడ్డాను. "డోరా, రేపు పదిన్నరకే పెళ్లి."

"అవునండీ."

"వాళ్ల నాన్న స్థానంలో నడవాలి. చిరిగిన సూటుతో ఎలా నడవను?"

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. "సముద్రం చూడండి, ఎంత బావుందో."

చూశాను. నీలం, ఆకుపచ్చ కలిసి, అన్ని నీళ్లు ఒక్కచోట ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. కానీ నా కళ్లలో నీళ్లు అడ్డమొచ్చి సరిగా కనపడలేదు. ఒక్క కిలోన్నర కోసం ఆ పిల్లను అందరిలో చిన్నబుచ్చబోతున్నాను.

వదిన ఇంట్లో అడుగుపెట్టి గుమ్మంలోనే నిలబడిపోయాను. బల్ల మీద వరసగా మూడు ఆవకాయ జాడీలు. పక్కన సున్నుండల డబ్బా, జంతికల డబ్బా, కందిపొడి, పెళ్లికూతురికి తెల్ల పట్టుచీర, ఇత్తడి దీపపు స్తంభం. రిటైరై ఉద్యోగం పోయినా చూపు పోలేదు, కళ్లతోనే తూచాను. ముప్పై కిలోలకు తక్కువ లేదు. అన్నీ మా ఇంటివే!

"ఇవి ఎలా వచ్చాయి వదినా?"

"జాడీలు మీ చర్చివాళ్లే, రిచర్డ్, జెనిఫర్ తెచ్చారు మరిదిగారూ. పాపం, కొత్తగా పెళ్లయిన పిల్లలు, హనీమూన్‌కొచ్చి హోటలుకైనా పోకుండా ముందు ఆవకాయ దింపి వెళ్లారు. మిగతావన్నీ హెన్రీ మాస్టారు. ఎల్‌టీసీ మీద, సర్కారు ఖర్చుతో ఇంటిల్లిపాదీ అయిదుగురొచ్చారుగా, వాళ్లకి బోలెడు లగేజీ తెచ్చుకునే వీలుంటుంది."

డోరా వైపు తిరిగాను. "వీళ్లంతా ఇక్కడికి వస్తున్నారని నీకెలా తెలుసు?"

"బుధవారం స్త్రీల సమాజంలో ప్రయాణాల కోసం ప్రార్థన చేస్తాం కదండీ. ఎవరు, ఎక్కడికి, ఏ రోజున వెళ్తున్నారో అందరూ చెప్తారు."

అక్కడ అందరూ కళ్లు మూసుకుంటారనుకున్నాను. మా ఆవిడ డైరీ తెరుచుకుంటుందని నాకేం తెలుసు? రైల్వేలో ఇంత పెద్ద పార్సిల్ సర్వీసు నడపడానికి మాకు ఒక డివిజనంత సిబ్బంది కావలసివచ్చేది. ఆవిడ ఒక్క రశీదు రాయకుండా, ఒక్క శాల్తీ పోగొట్టకుండా సముద్రం దాటించేసింది.

"నావేమైనా..." అన్నాను నీళ్లు నములుతూ.

"మీవి ఏడు కిలోలేగా?" అంటూ లోపలికెళ్లి బీరువా తీసింది. నల్ల సూటు, కొత్తది. జనరల్ బజార్ టైలరు చీటీ ఇంకా కాలరుకే ఉంది.

"నా కొలతలెవరు తీసుకున్నారు, ఎప్పుడు?"

"మీరు చేతులెత్తి కాంటాకేసి చూస్తూ నిలబడేవారు కదండీ. వెనక నుంచి నేనే టేపు చుట్టాను, రెండు సాయంత్రాలు. మీకు తెలిస్తేగా."

కోపమొస్తుందేమోనని ఆగాను, రాలేదు. భక్తి లాంటిదేదో వచ్చింది.

మర్నాడు పదిన్నరకు షెకీనా నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి. "మెల్లగా బాబాయ్" అంది. మెల్లగానే నడిచాను. ప్రతి అడుగుకీ హాయిగా ఊపిరి తీసుకుంటూ నడిచాను.

బలిపీఠం ముందు అయ్యగారు పుస్తకంలోంచి తలెత్తి, "ఈ వధువును అప్పగించుచున్నవారు ఎవరు?" అన్నారు. నేను "నేను" అనాలి. రాత్రంతా సాధన చేసిన ఒక్క ముక్క. ముందు వరసలో డోరా కనపడింది.

"మా ఆవిడండీ అయ్యగారూ" అన్నాను.

చర్చి అంతా గొల్లుమంది. పెళ్లికొడుకు కూడా నవ్వాడు. "నేను అనండీ, నేను!" అని డోరా పళ్ల బిగువున అంటోంది. అయ్యగారు చిరునవ్వుతో ఆగారు.

"నేనేనండీ" అన్నాను, "ఆవిడ పంపితే." షెకీనా ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. దాని చెయ్యి అబ్బాయి చేతిలో పెట్టి, వెళ్లి మా ఆవిడ పక్కన బుద్ధిగా కూర్చున్నాను.