బాగుచేసిన బూట్లు

సోమవారం పొద్దున్నే అమ్మమ్మ మనవరాలి సంచి సర్దడం మొదలుపెట్టింది. మొదలుపెట్టింది అనడం న్యాయం కాదు. పిల్ల నాట్యబృందం వారి శిక్షణకు ఎంపికైందన్న మాట చెవిన పడిన రోజే ఆవిడ అటక మీది సంచి దింపింది. అప్పటినుంచీ సర్దుతూనే ఉంది, తీస్తూనే ఉంది. ఎండకి గౌన్లు, చలికి స్వెట్టర్లు, జ్వరానికి మాత్రలు, జ్వరం రాకుండా ఇంకో రకం మాత్రలు. సంచి నోరు మూసుకోనంటే మోకాలు పెట్టి నొక్కి మూయించింది.

"అమ్మమ్మా, నేను వెళ్ళేది డాన్సుకే. యుద్ధానికి కాదు," అంది మనవరాలు, గుమ్మంలో ఒంటికాలి మీద తిరుగుతూ.

ఆ పిల్లను ఇంటిల్లిపాదీ బొంగరం అనే పిలుస్తారు. తిరుగుతూనే పళ్ళు తోముకుంటుంది, తిరుగుతూనే ఎక్కాలు చదువుతుంది. కూర్చోబెట్టి జడ వేయడం తాతలు దిగివచ్చినా సాధ్యం కాదని తేలాక, అమ్మమ్మే దాని చుట్టూ తిరిగి వేయడం నేర్చుకుంది.

"నీకేం తెలుసే! మీ తాతయ్య వంతెన పనికి పోతూ ఇలాగే నవ్వాడు. మా తమ్ముడు ఓడెక్కుతూ నవ్వాడు. ఈ ఇంట్లోంచి సంచి పట్టుకుని వెళ్ళినవాళ్ళంతా నవ్వుతూనే వెళ్ళారు. రావడం మాత్రం ఒక్కళ్ళకీ చేతకాలేదు."

"వాళ్ళు మగాళ్ళు అమ్మమ్మా, దారి అడగరు. నేను అడుగుతాలే."

నవ్వు వచ్చింది కానీ, అమ్మమ్మ దాన్ని స్వెట్టర్ల కింద దాచేసింది.

గట్టి బూట్లు తొడుక్కుని మునివేళ్ళ మీద బాలే ఆడే ఆ నాట్యబృందం చిన్నాచితకా బృందం కాదు. వాళ్ళ ప్రదర్శన ఉంటే హాలు ముందు వీధి మలుపు దాకా జనం నిలబడతారు. ఏటా కొందరు పిల్లల్ని ఏరి, తమ నాట్యగాళ్ళకు నేర్పే టీచర్ల చేతే వాళ్ళకూ నేర్పిస్తారు. పొద్దున నాట్యం, మధ్యాహ్నం పై అంతస్తులో బడి చదువు, పాదాలు బెణికితే చూడడానికి ఒక డాక్టరు. బట్టలూ బూట్లూ అన్నీ బృందానివే, బూట్లయితే సెలవులకు ముందే ఇంటికి పంపేశారు. కాకపోతే ఒక మెలిక ఉంది. మొదటి రోజు తరగతి పెద్ద టీచరు స్వయంగా చూస్తుంది. ఆవిడ తల ఊపితే పిల్ల ఉన్నట్టు. అడ్డంగా ఊపితే సాయంత్రం వ్యానులో ఇంటికి, మళ్ళీ అడిగే వీలు లేదు. బొంగరం ఆ తల ఊపు కోసమే ఏడాదిగా బతుకుతోంది.

వీధిలో బృందం వారి వ్యాను హారను మోగింది.

"నా బూట్లు పెట్టావా?"

"అడుగున పెట్టాను. వాటి గురించి నువ్వు బెంగపడకు, ఆ సంగతి నేను చూసుకున్నాగా," అంది అమ్మమ్మ, గర్వం దాచుకోలేక.

బొంగరం ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టి, సంచి ఈడ్చుకుంటూ పరుగెత్తింది. మనుషుల ముఖాలకన్నా వీపులే అమ్మమ్మకు ఎక్కువ గుర్తు. ఇప్పుడు ఈ చిన్న వీపు కూడా ఆ లెక్కలో చేరింది.

ఇంట్లోకి వచ్చేసరికి కూతురు ఇస్త్రీ చేసుకుంటోంది. రొట్టెల ఫ్యాక్టరీలో ఆవిడకి మధ్యాహ్నం డ్యూటీ.

"అంత పేరున్న బృందం, పిల్లకి ఎవరో వాడి పారేసిన బూట్లు అంటగట్టారే!" అంది అమ్మమ్మ. "చూశావా వాటి వాలకం? ముందు భాగం చితికిపోయింది, లోపలి అట్ట విరిగింది, అడుగంతా ఎలకలు కొరికినట్టు గీతలు. నేను ఊరుకుంటానా? మేకుల తాతకిచ్చి బాగుచేయించాను. కొత్త తోలు వేశాడు, ముందు గట్టిగా జిగురు పోశాడు, అడుగు అద్దంలా నున్నగా తీర్చాడు. ముఖం చూసుకోవచ్చు."

కూతురి చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

"అమ్మా... అవి కొత్తవి."

"కొత్తవేంటే, ఆ గీతలు..."

"ఆ గీతలు అదే గీసుకుంది! కొత్త బూటు చెక్కలా ఉంటుందమ్మా, నేల మీద జారుతుంది. సుత్తితో కొట్టి, వంచి, కత్తితో అడుగు గీకి, ఎవరి పాదానికి వాళ్ళే లొంగదీసుకోవాలి. డాన్సువాళ్ళ పద్ధతే అంత. సెలవులన్నీ పెరట్లో కూచుని చేసింది అదే!"

పెరట్లో ఆ టకటకలు అమ్మమ్మ రోజూ విన్నది. పక్కింటివాళ్ళు మేకులు కొట్టుకుంటున్నారనుకుని, గోడ మీదుగా వాళ్ళను ఒకసారి కసిరింది కూడా.

ఇస్త్రీ కింద చొక్కా మాడిన వాసన వచ్చింది. ఆ చొక్కా ఎత్తి పక్కన పడేసి కూతురు నెమ్మదిగా అడిగింది. "కావాలనే చేశావా అమ్మా? అది జారిపడితే సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుందనా?"

అమ్మమ్మ గుమ్మం వైపు నడిచింది. చెప్పులు వేసుకుంది.

మేకుల తాత వీధి చివర చెప్పులు కుట్టే మనిషి. నోట్లో ఎప్పుడూ మేకులు పెట్టుకుని మాట్లాడతాడు కాబట్టి ఆ పేరు. సంగతి విని మేకులు ఉమ్మేశాడు.

"అంత అందంగా చేశానే చెల్లెమ్మా! నా జన్మలో అంత నున్నటి అడుగు తియ్యలేదు."

"ఆ అందమే కొంప ముంచింది అన్నయ్యా. కత్తీ సుత్తీ పట్టుకో. స్కూటరు తియ్యి. మనం వెళ్ళి మళ్ళీ పాడుచెయ్యాలి."

జన్మలో స్కూటరెక్కని అమ్మమ్మ ఆ రోజు ఎక్కింది. దారి పొడవునా కళ్ళు మూసుకుని "ఇంకా పోనీ" అంటూనే ఉంది.

నాట్యబృందం భవనం గుమ్మం దగ్గర వాచ్‌మన్ వాళ్ళను ఆపాడు. ఎదురుగా చెదిరిన జుట్టుతో, రొప్పుతూ ఓ ముసలావిడ. వెనకాల కత్తి, సుత్తి పట్టుకున్న ముసలాయన.

"ఎవరు కావాలండీ?"

"ఓ పిల్ల బూట్లు కావాలి బాబూ. చితక్కొట్టి ఇచ్చేస్తాం."

వాచ్‌మన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎందుకండీ?"

"తరగతి మొదలయ్యేలోగా పాడుచెయ్యాలి! లేకపోతే దాని బతుకు బాగుపడదు!" అంది అమ్మమ్మ. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు.

పిల్లల మధ్య పోటీ ఎక్కువైన చోట బూట్లకు ఎసరు పెట్టేవాళ్ళుంటారని వాచ్‌మన్ విని ఉన్నాడు. ఇంత ముసలివాళ్ళు, ఇంత బాహాటంగా వస్తారని మాత్రం వినలేదు. తాత చేతిలోంచి కత్తీ సుత్తీ లాక్కున్నాడు, ఇద్దర్నీ నడవాలో బల్ల మీద కూర్చోబెట్టాడు, పైకి కబురు చేశాడు. కబురు మొదటి మెట్టు మీద "బూట్లు కోసే ముసలావిడ" అయింది, మలుపు తిరిగేసరికి "కత్తి పట్టుకున్న ముఠా" అయింది, పై అంతస్తు చేరేసరికి పిల్లలందరూ బూట్లు గుండెకు హత్తుకుని గోడకు అతుక్కుపోయారు.

వాచ్‌మన్ కర్తవ్యం మరవలేదు. పిల్లల బూట్లన్నీ పోగుచేసి కింద ఇనుప బీరువాలో పెట్టాడు. సాక్ష్యానికి కత్తీ సుత్తీ అందులోనే పెట్టాడు. రెండు చేతులూ ఖాళీ లేక తాళంచెవుల గుత్తి కూడా ఒక అరలో పెట్టాడు. తర్వాత తలుపు గట్టిగా నెట్టాడు. అది నెడితే పడిపోయే తాళం.

క్లిక్కుమంది.

వాచ్‌మన్ జేబులు తడుముకున్నాడు.

"ఏదైనా సుత్తి ఉంటే..." అన్నాడు వాచ్‌మన్, మేకుల తాత వైపు దీనంగా చూస్తూ.

"ఉండేది నాయనా," అన్నాడు తాత.

బూట్లు పోయిన పిల్లలు ఒక్కొక్కళ్ళే నడవాలోకి దిగారు. చాలామంది దూరపు ఊళ్ళవాళ్ళు, అమ్మానాన్నల్ని వదిలి మొదటిసారి వచ్చినవాళ్ళు. ఏడవడానికి పొద్దుటినుంచీ ఒక సాకు కోసం చూస్తున్నారు. ఇప్పుడు దొరికింది. ఒకళ్ళు మొదలుపెడితే అందరూ అందుకున్నారు.

బొంగరం అందరికన్నా వెనకాల వచ్చింది. దాని కళ్ళు పొడిగానే ఉన్నాయి. బల్ల మీద అమ్మమ్మను చూసి ఆగిపోయింది.

"సంచి ఇక్కడికొచ్చాక విప్పాను. ఎవరో మార్చేశారనుకున్నా. నువ్వా అమ్మమ్మా?"

"బాగుచేశానే..."

"నేను వెళ్ళకూడదనా?"

అమ్మమ్మ తన చేతులకేసి చూసుకుంది. పొద్దుటినుంచి తనను తాను అడుగుతున్న మాట అదే.

"నా బుద్ధికి తెలిసి చెయ్యలేదే తల్లీ. చేతులకి తెలిసి చేశాయేమో మరి. వీటికి మనుషుల్ని పట్టుకోవడమే తెలుసు. వదలడం ఎప్పుడూ బాగా రాలేదు."

బొంగరం దగ్గరికి వచ్చింది. అమ్మమ్మ రెండు చేతులూ పట్టుకుని, ఆవిడ పక్కనే బల్ల మీద కూర్చుంది. తిరగకుండా, ఊగకుండా కూర్చుంది. అది చూసి అమ్మమ్మకు భయం వేసింది.

పక్కనే ఓ చిన్నపిల్ల వెక్కుతూ, ఏడుపు ఆపుకోలేక తన జడ తానే నములుతోంది. అమ్మమ్మ ఆ జడ నోట్లోంచి తీసింది.

"ఆపుకోకు. ఏడు. గట్టిగా ఏడు."

పిల్ల బిత్తరపోయి చూసింది.

"నిజంగానే చెబుతున్నా. మా ఇంట్లో వెళ్ళినవాళ్ళూ ఏడవలేదు, పంపినవాళ్ళూ ఏడవలేదు. ఆ ఏడుపంతా ఇంకా ఇంట్లోనే అటూ ఇటూ తిరుగుతోంది. ఇక్కడే కానిచ్చేసి పైకి వెళ్ళండి. ముక్కులు నేను తుడుస్తా."

ఆవిడ కొంగు తడిసిపోయేదాకా పిల్లలు ఏడ్చారు. తర్వాత ఒకరి ముక్కు చూసి ఒకరు నవ్వడం మొదలుపెట్టారు. మేకుల తాత తన నోట్లో మేకులెలా పడతాయో చూపిస్తానన్నాక మిగిలినవాళ్ళూ చేరారు.

ఆ సమయంలో పెద్ద టీచరు దిగివచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. వాచ్‌మన్ చెప్పిందంతా విన్నది, బీరువాను చూసింది, వరసగా ఉన్న వట్టి పాదాలను చూసింది.

"నేల ఉంది. కాళ్ళున్నాయి. ఇంకేం కావాలి? పదండి పైకి."

తరగతి గది తలుపుకు సగం అద్దం. అమ్మమ్మ దానికి ముక్కు ఆనించి నిలబడింది. బొంగరం వంతు వచ్చింది. వట్టికాళ్ళతో గది మధ్యకు వెళ్ళి, ఒక్క క్షణం నిలబడి, తిరగడం మొదలుపెట్టింది. పిల్ల వీపు కనబడ్డప్పుడల్లా, అదిగో పోయింది అనుకుని అమ్మమ్మ గుండె జారింది. అంతలోనే ముఖం ఇటు వచ్చింది. మళ్ళీ వీపు. మళ్ళీ ముఖం. పోయినంత వేగంగానూ వచ్చేస్తోంది. అమ్మమ్మ బతుకులో అన్నిసార్లు తిరిగి వచ్చిన మనిషి ఇంకొకరు లేరు.

పెద్ద టీచరు తల ఊపింది. నిలువుగానే.

గది ఖాళీ అయ్యాక ఆవిడ బయటికి వచ్చింది. "మీ మనవరాలేనా? బాగుంది. రోజూ పొద్దున్నే వ్యాను వస్తుంది, సాయంత్రం ఇంటి దగ్గర దింపుతుంది."

అమ్మమ్మకు అర్థం కాలేదు. "ఇంటి దగ్గరా? ఇక్కడే ఉండాలి కదమ్మా?"

"ఉండే గదులు దూరపు ఊళ్ళవాళ్ళకేనండీ. వ్యాను దారిలో ఇల్లున్న పిల్లని తల్లి దగ్గర్నుంచి ఎందుకు తీస్తాం? ఉండాలని ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మ సంచి దింపగానే, ఆవిడకు ఎవరో చెప్పారనుకుంది కూతురు. అమ్మ అన్నీ తెలిసే ఊరుకుందనుకుంది బొంగరం. కూతురు ఊరుకోవడం చూసి నిజమేననుకుంది అమ్మమ్మ. ఎవరికి వాళ్ళు గుండె రాయి చేసుకోవడంలో మునిగి, నోరు తెరిచి అడగలేదు.

"ఒక మాట. మొదటి రోజు ఈ పిల్లలు ఏడుస్తూనే అడుగులు వేస్తారు. ఇవాళ ఒక్కళ్ళూ ఏడవలేదు. ఏం చెప్పారు మీరు?"

"ఏడవమని చెప్పానమ్మా."

టీచరు ఆవిడ తడిసిన కొంగు చూసింది. "గదుల్లో పిల్లల్ని చూసుకునే ఆవిడ పురుడని సెలవు పెట్టింది. ఇవాళ్టికి మీరు ఉండగలరా?"

అమ్మమ్మ నడవాలోకి చూసింది. జడ నమిలే పిల్ల మళ్ళీ జడ నోట్లో పెట్టుకుంది.

"ఒక్క పూటే కదా. ఉంటాలే," అంది.

సాయంత్రం వ్యానులో సంచి ఈడ్చుకుంటూ బొంగరం ఇంటికి వచ్చేసింది. "నిన్ను పంపితే మా అమ్మ పోయిందేమే!" అంది తల్లి. ఫోను చేస్తే అమ్మమ్మ హడావుడిగా ఉంది: "రేపొస్తాలేవే. ఇక్కడ ఒకదానికి దగ్గు." మర్నాడు ఇంకొకదానికి పళ్ళు ఊడాయి. సెలవు పెట్టిన ఆవిడ బిడ్డతో సహా వచ్చి చేరాక, ఆ బిడ్డను ఎత్తుకునేందుకు ఒక మనిషి కావలసి వచ్చింది. పొద్దున్నే వ్యాను ఆగగానే తలుపు తీసేది అమ్మమ్మే. దిగీదిగగానే బొంగరం ఆవిడ చుట్టూ ఒక చుట్టు తిరిగి లోపలికి పోతుంది.

మొత్తం మీద బొంగరం రోజూ వెళ్తుంది, రోజూ వస్తుంది. ఆ ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రానిది అమ్మమ్మ. వెళ్ళింది ఆ సోమవారమే, సంచి కూడా లేకుండా.