సిస్టర్ ఒడెస్సాను చంపిన చరిత్ర

రేడియోలో మాట్లాడడానికి కూడా మెడకు టై బిగించుకుని వెళ్ళే మనిషి రెవరెండ్ లూషస్ టిల్మన్. ఆ శుక్రవారం పొద్దున ఇంకాస్త గట్టిగా బిగించారు. అలబామాలోని బ్రయర్‌టన్‌లో ఆ సువార్త రేడియో పుట్టి యాభై ఏళ్ళు నిండాయి. ఆదివారం గోడకు ఇత్తడి ఫలకం పెడుతున్నారు. దానిమీద స్థాపకుడిగా తన పేరు చెక్కించుకోవాలని ఆయన ఆశ. ముందు స్టేషను చరిత్ర తానే చదివి, ఊరిచేత ఔననిపించుకుని, ఆనక చెక్కేవాడికి కబురు పెడదామని ఎత్తు వేశారు.

నిజానికి ఆ స్టేషను పెట్టింది ఒడెస్సా పెట్టిగ్రూ, తన బ్యూటీ పార్లర్ వెనక గదిలో. అప్పట్లో లూషస్ పని వైర్లు చుట్టడం. కొన్నేళ్ళ కిందట ఆయన ప్రసంగాల పొడుగు భరించలేక ఆవిడ పక్కవీధి చర్చికి మారింది. తన చర్చి మానేసినవాళ్ళెవరూ ఆయన లెక్కలో బతికి లేరు. పైగా చలికాలంలో ఆవిడకు జబ్బు చేసిందని విన్నారు. ఆ తర్వాత ఏమైందో వాకబు చేసే ఓపిక లేదు. పోయే ఉంటుందనుకున్నారు. అది ఆయనకు అనుకూలంగానూ ఉంది.

బ్రయర్‌టన్ జనం ప్రసంగాలప్పుడు రేడియో తగ్గిస్తారు, పొద్దుటి చావు కబుర్లప్పుడు పెంచుతారు. అందుకే రెవరెండు గారు తన చరిత్రను సరిగ్గా ఆ కబుర్ల వెనకే పెట్టించారు. చావు కబుర్లు చదివేటప్పుడు మోగే ఆర్గన్ సంగీతాన్ని కూడా గంభీరంగా ఉందని ఆపనివ్వలేదు. అది మోగుతుండగానే, తొలిరోజుల్లో కాస్త చేయి వేసిన సిస్టర్ ఒడెస్సా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందని చదివారు.

అంతే, ఊళ్ళో మూకుళ్ళు పొయ్యెక్కాయి. చావు ఇంటికి కోడి వేపుడు పట్టుకెళ్ళకపోతే అక్కడ పరువు దక్కదు. స్టేషనులో ఫోను మోత మొదలైంది. ఏడ్చేవాళ్ళ ఫోను మధ్యలో కోసే ఆచారం లేదు కాబట్టి, ఫోను చూసే వెర్నీస్ అందరి మాటలనూ నేరుగా రేడియోలోకి వదిలింది. స్టేషను పెట్టింది ఆవిడేనని ఒకామె ఏడ్చింది. ప్రసార యంత్రం కాలిపోతే సొంత కారు అమ్మి కొత్తది తెచ్చిందని ఇంకొకాయన ఏడ్చాడు.

"లూషస్ అప్పుడు వైర్లు చుట్టేవాడు. అవీ చిక్కులు పడేవి," అని మరో ముసలాయన కన్నీళ్ళతోనే చెప్పాడు.

రెవరెండు గారు లెక్క వేసుకున్నారు. ఎదురు చెబితే ఊరు తంతుంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, పొగిడితే పోయేదేముంది, ఆవిడ లేచి వస్తుందా? మైకు దగ్గరికి లాక్కుని ఆయన కూడా ఏడ్చారు.

"ఫలకం మీద ఒడెస్సా పేరే ఉంటుంది. ఆమె పేరొక్కటే. ఆమె ముందు నేనెంత?"

తన వినయానికి తనకే ముచ్చటేసింది. అది వచ్చే ఆదివారం ప్రసంగానికి పనికొస్తుందని అనుకుంటుండగా తలుపు తెరుచుకుంది. చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీతో, చేతిలో కోడి కాళ్ళ పళ్ళెంతో ఒడెస్సా నిలబడి ఉంది. పరామర్శకు వచ్చినవాళ్ళందరినీ ఇంట్లో కూర్చోబెట్టి, నోరు మూయించి, అంతా రేడియోలో విని మరీ వచ్చింది.

"మీరు... బతికే ఉన్నారా సిస్టర్?"

"ఉన్నాను. మైకు ఆపకు, ఆ సంగతి కూడా విననీ."

"చిన్న పొరపాటు జరిగింది. ఆ ఫలకం మాట..."

"ఊరంతా విన్నది నాయనా. ఇంటినిండా కోడి వేపుళ్ళు, తినేవాళ్ళు చాలడం లేదు. ఇదిగో, నా చావు భోజనం నువ్వూ తిను."

ఊరంతా వింటుండగా ఆయన తిన్నారు.

ఆదివారం ముసుగు తీస్తే ఫలకం మీద ఆవిడ పేరు, పుట్టిన సంవత్సరం ఉన్నాయి. పక్కన ఖాళీ ఎందుకని వెర్నీస్ అడిగితే, చావు సంవత్సరానికి వదిలించానని, ఈసారి కనుక్కున్నాకే చెక్కిస్తానని రెవరెండు గారు సెలవిచ్చారు.